ముచ్చట కారా, అక్కర కారా?

రాయలసీమ ఊళ్ళలో పాత యిండ్ల వెనుక దొడ్డిలోనికి తొంగిచూచినచో, పశువుల కొట్టము ప్రక్కన, గడ్డివామి నీడలో, టార్పాలిను కప్పుకొని నిలిచియున్న మోటారు బండి యొకటి అప్పుడప్పుడు కనిపించును. అది అంబాసిడరు కావచ్చును, ప్రీమియర్ పద్మిని కావచ్చును, పల్లెటూరి పెద్దల యింట అయినచో మహీంద్రా జీపు కావచ్చును. అది తండ్రిగారి బండి. ఆయన ఇప్పుడు లేరు. కుమారునకు ఉద్యోగమున్నది, చేతిలో మూడు లక్షల రూపాయలున్నవి, ప్రతిదినము పోయిరావలసిన దూరమున్నది. ఆ సొమ్ముతో నాన్నగారి బండిని బాగుచేయించి దానినే నడుపుకొనవలెనా, లేక దానిని ఎవరికో ఒప్పగించి నేటి కారు నొకదానిని కొనవలెనా?

ప్రొద్దుటూరు నుండి ఒక ఉపాధ్యాయులు మమ్ములను ఈ ప్రశ్నయే అడిగినారు. వారు దినమునకు రానుపోను నూరు కిలోమీటర్లు కడపకు ప్రయాణము చేయుదురట. తల్లిగారికి గుండెజబ్బు, అర్ధరాత్రి యైనను ఆసుపత్రికి తీసుకొనిపోవలసిన అవసరము రావచ్చును. తండ్రిగారు మిగిల్చి పోయిన పద్మిని యింట నున్నది. “దానిని అమ్ముట యనిన నాన్నగారిని రెండవసారి సాగనంపినట్లున్నది” అని వారు వ్రాసిన వాక్యము చదివిన తరువాత, ఇది కేవలము లెక్కలతో తేలు వ్యవహారము కాదని తెలిసినది. అయినను లెక్క చూడక తప్పదు. లెక్కకంటె ముందు ఆ బండ్ల పుట్టుపూర్వోత్తరములను కొంచెము చెప్పుకొందము.

హిందూస్థాన్ మోటార్స్ సంస్థ 1942లో ఏర్పడినది. బెంగాలులోని ఉత్తరపాడా కర్మాగారములో 1957 నుండి అంబాసిడరు తయారయినది. ఇంగ్లండులోని మారిస్ ఆక్స్‌ఫర్డ్ అను కారు దానికి మాతృక. బొంబాయిలో వాల్‌చంద్ హీరాచంద్ స్థాపించిన ప్రీమియర్ సంస్థ ఇటలీ దేశపు ఫియట్ కారును తయారుచేసి, కొంతకాలమునకు దానికే పద్మిని యని పేరు పెట్టినది. జీపు వీనికంటె ముందే వచ్చినది. 1947లోనే మహీంద్రా వారు అమెరికా విల్లీస్ జీపుల భాగములను తెప్పించి ఇచట బిగింపనారంభించిరి. ఇక ఎన్నుకొనుటకు ఏమున్నది? మదరాసులో తయారయిన స్టాండర్డు హెరాల్డు వంటి ఒకటి రెండు తప్ప మరేమియు లేవు. ఆర్డరు పెట్టి డబ్బు కట్టిన వారు సంవత్సరముల తరబడి వేచియుండవలసి వచ్చెడిది. అందుచేత కారు కొనుట యనగా ఆ కాలమున ఇల్లు కట్టుటవలె జీవితములో ఒక్కసారి జరుగు కార్యము. పెండ్లికూతురు అత్తవారింటికి పోయినది దానిలోనే. పసిబిడ్డ ఇంటికి వచ్చినది దానిలోనే. ఆ మమకారము నేటి యువకులకు వింతగా తోచవచ్చును గాని, అది ఊరక పుట్టినది కాదు.

1983 డిసెంబరులో మారుతి 800 వచ్చి ఆ స్థితిని తలక్రిందులు చేసినది. అంతకు ముందున్న కార్లను అది ఇరువది ఏండ్లలో వెనుకకు నెట్టివేసినది. ఒక విచిత్రమేమనగా, ఆ మారుతి 800 తయారీ 2014 జనవరిలో నిలిచిపోగా, అదే సంవత్సరము మే నెలలో అంబాసిడరు తయారీయు ఆగిపోయినది. కొట్టినదియు, దెబ్బతిన్నదియు ఒక్క ఏటనే కనుమరుగైనవి! పద్మిని అంతకు చాలముందే, ఈ శతాబ్దపు ఆరంభముననే, ఆగిపోయినది. బొంబాయి వీధులలో టాక్సీలుగా మిగిలినవి 2023 అక్టోబరుతో సెలవు తీసుకొన్నవి.

ఇచట ఒక మాట గమనింపదగినది. పాశ్చాత్య దేశములలో క్లాసిక్ కారు అనగా పుట్టుకతోనే విలాసవస్తువైన దానిని ఎక్కువగా చెప్పుదురు. అట్టిది మనకును ఒకటి కలదు. హైదరాబాదులోని చౌమహల్లా ప్రాసాదములో ఆరవ నిజాము మహబూబ్ అలీఖాన్ కాలమున ఆర్డరు ఇచ్చిన పసుపుపచ్చని రోల్స్ రాయిస్ సిల్వర్ గోస్టు ఇప్పటికిని ప్రదర్శనలో నున్నది. లోపల సింహాసనము వంటి ఆసనము. ఊరేగింపులకు తప్ప దానిని వాడలేదు. అది తన జీవితకాలమున తిరిగినది బహుస్వల్పమైన దూరము. మరియొక పాత బండిని తలచుకొందము. 1982లో ఎన్.టి. రామారావు ఒక పాత షెవ్రొలె వ్యానును మార్పించి చైతన్యరథము చేసికొనగా, కుమారుడు హరికృష్ణ సారథియై దానిని రాష్ట్రమంతట తిప్పినారు. తెలుగువారు చూచిన పాత బండ్లలో అంత గడ్డుగా పనిచేసినది మరియొకటి ఉండదేమో! మొదటిది ముచ్చటకు, రెండవది అక్కరకు. మన దొడ్డిలోని అంబాసిడరు, పద్మిని, జీపు అను మూడును పుట్టుకచేత రెండవ జాతికి చెందినవి. అవి అక్కర బండ్లుగనే బ్రదికినవి. వయసు మీరినందువలననే ముచ్చట బండ్లయినవి. కనుకనే, “ఇన్నాళ్ళు నడిచినది కదా, ఇక ముందు నడువదా?” అను ఆశ మనకు పోదు.

ఆ ఆశకు మన సీమ శీతోష్ణస్థితి కొంతవరకు వత్తాసు పలుకును. కర్నూలు, కడప ప్రాంతములలో సాలుకు కురియు వాన ఏడు వందల మిల్లీమీటర్లకు అటునిటు. సముద్రపు ఉప్పుగాలి లేదు. బందరులోనో, విశాఖపట్టణములోనో ఆరుబయట నిలిచిన కారు అడుగురేకు పదేండ్లలో జల్లెడ యగును. అదే ఆళ్ళగడ్డలోనో, జమ్మలమడుగులోనో నిలిచిన కారు రేకు రంగు వెలసినను గట్టిగనే యుండును. పాత కారును బాగుచేయుటలో అన్నిటికంటె ఖరీదైన పని ఇంజనుది కాదు, తుప్పుది. ఇంజనులో అరిగిన భాగమును లేతు మీద సవరింపవచ్చును, కొత్తది తెప్పింపవచ్చును. తుప్పు తిన్న దేహమును ముక్క ముక్కగా కోసి అతికింపవలెను. ఆ విధముగా చూచినచో పొడినేల మనకు చేసిన ఉపకారము చిన్నది కాదు.

అయితే ఇనుమును కాపాడు ఆ పొడితనమే రబ్బరును చంపును. అద్దముల చుట్టునుండు బీడింగు, పెట్రోలు గొట్టములు, బ్రేకులలోని రబ్బరు బుడిపెలు, విద్యుత్తు తీగెల తొడుగులు ఎండకు పెళుసెక్కి బీటలు వారును. పైకి తళతళలాడు బండి లోపల తీగెలు ఎలుకలు కొరికినవో, ఎండకు చిట్లినవో తెలియకుండును. ఇంజను వద్ద చిట్లిన పెట్రోలు గొట్టము అగ్నికి ఆహ్వానపత్రిక. పాత బండిని మరల రోడ్డెక్కింపదలచినవారు రంగు వేయించుటకు ముందు రబ్బరంతయు మార్పింపవలెను. లోకములో జరుగుచున్నది దీనికి విరుద్ధము.

ఇక వేడిమి సంగతి. మే నెలలో కర్నూలులో ఉష్ణమానము 43, 44 డిగ్రీలకు ఎక్కుట సామాన్యము. పాత పెట్రోలు బండి నడిరోడ్డున ఆగిపోవుట, మూత తెరచి పెట్రోలు పంపు మీద తడిగుడ్డ వేయుట, అరగంట గడచిన తరువాత ఏమియు జరుగనట్లు అది బయలుదేరుట మన పెద్దలకు సుపరిచితమైన దృశ్యము. దాని కారణము చాలమందికి తెలియదు. ఆ బండ్లలో పెట్రోలు పంపు ఇంజను ప్రక్కనే బిగింపబడి యుండును. అది వెనుకనున్న ట్యాంకు నుండి పెట్రోలును పీల్చును. పీల్చునప్పుడు గొట్టములో ఒత్తిడి తగ్గును; ఒత్తిడి తగ్గినచో ద్రవము తక్కువ వేడికే మరుగును. ఇంజను సెగ, ఎండ సెగ కలసి గొట్టములోని పెట్రోలు ఆవిరియగును. పంపు ద్రవమును తోయగలదు గాని ఆవిరిని తోయలేదు. బండి నిలిచిపోవును. తడిగుడ్డ చేయు పని ఆ ఆవిరిని మరల ద్రవముగా మార్చుట, అంతే. నేటి కార్లలో పంపు ట్యాంకులోనే, పెట్రోలులో మునిగియుండును. అది పీల్చదు, ఒత్తిడితో ముందుకు తోయును. ఒత్తిడిలో నున్న పెట్రోలు అంత తేలికగా మరుగదు. కనుకనే నేటి డ్రైవరుకు తడిగుడ్డతో పనిలేదు.

ఈ చిక్కునకు ఇటీవల మరియొకటి తోడయినది. ఇప్పుడు మన బంకులలో దొరకు పెట్రోలులో ఇరువది పాళ్ళు ఇథనాలు. 2023 ఫిబ్రవరిలో మొదలైన ఈ ఏర్పాటు 2025 నాటికి దేశమంతట వ్యాపించినది. చెరకు నుండియు, ధాన్యముల నుండియు తీయు ఈ సారాయి జాతి ద్రవము వలన దేశమునకు విదేశీ చమురు ఖర్చు కొంత తగ్గును. ఆ ప్రయోజనమును కాదనుట లేదు. కాని పద్మినిని నిర్మించినవారు దీనిని ఊహింపలేదు. ఇథనాలులోని శక్తి అదే కొలత పెట్రోలులోని శక్తిలో రెండు మూడవ వంతులు మాత్రమే. అందుచే ఇరువది పాళ్ళు కలిపినప్పుడు శక్తి నూటికి ఆరేడు వంతులు తగ్గును. అది నీటిని పీల్చుకొనును. పాతకాలపు రబ్బరును, కార్కును మెత్తబరచును. ట్యాంకు అడుగున నలుబది ఏండ్లుగా పేరుకొన్న మడ్డిని కదల్చి కార్బురేటరు రంధ్రములలోనికి తెచ్చును. దానిలో ప్రాణవాయువు ఉన్నందున మిశ్రమము పలుచనై ఇంజను మరి కొంత వేడెక్కును. కార్బురేటరులో కొంచెము పెద్ద జెట్టు వేయించి దీనిని సరిచేయవచ్చును. ఇథనాలుకు తట్టుకొను గొట్టములు నేడు దొరకుచున్నవి. వానిని వేయించుట తప్పనిసరి. నెలల తరబడి నిలుపు బండిలో ట్యాంకు నిండ పెట్రోలు ఉంచి మరచిపోరాదు.

అంతకు ముందు జరిగిన మార్పును గూడ ఈ సందర్భమున చెప్పవలెను. 2000 సంవత్సరము వరకు పెట్రోలులో సీసము కలిపెడివారు. మన ఆరోగ్యమునకు అది విషము. పాత ఇంజను వాల్వులకు మాత్రము అది మెత్తని పరుపువలె పనిచేసెడిది. సీసము పోయిన తరువాత మెత్తని ఇనుముతో చేసిన వాల్వు సీట్లు త్వరగా అరుగును. పాత ఇంజనును విప్పించినప్పుడు గట్టి సీట్లు వేయించినచో ఆ చింత తీరును.

మన నీటిని గురించి చెప్పకున్న ఈ ప్రసంగము సీమ ప్రసంగము కానేరదు. బోరుబావుల నీరు ఎంత కఠినమైనదో ఇక్కడి గృహిణులు బిందె అడుగు చూచి చెప్పగలరు. ఆ నీటినే దశాబ్దముల పాటు రేడియేటరులో పోసితిమి. బిందెలో పేరుకొన్న తెల్లని పొరయే రేడియేటరు సన్నని గొట్టములలోను పేరుకొన్నది. పాత కారు “ఎండకు ఉడికిపోవుచున్నది” అని నిందించువారిలో సగము మంది నిందింపవలసినది ఎండను కాదు, నీటిని. రేడియేటరును విప్పించి, గొట్టములను శుభ్రము చేయించి, శుద్ధజలములో కూలెంటు కలిపి పోసినచో పాత బండి మే నెలలో గూడ మర్యాదగా నడుచును. అయినను పట్టణములో ట్రాఫిక్కులో నిలిచినప్పుడు ఒక లోపము మిగిలియే యుండును. పాత బండి ఫ్యానును బెల్టు ద్వారా ఇంజనే త్రిప్పును. ఇంజను మెల్లగా తిరుగునప్పుడు ఫ్యానును మెల్లగా తిరుగును. చల్లదనము ఎక్కువ కావలసినప్పుడే తక్కువగా అందును. నేటి కార్లలో విద్యుత్తు ఫ్యాను వేడిని బట్టి తనంత తాను తిరుగును.

ఇంతవరకు చెప్పినవన్నియు డబ్బుతోను, ఓపికతోను సరిదిద్దుకొనదగినవి. ఇక చెప్పబోవునది అట్టిది కాదు.

హైదరాబాదు నుండి బెంగుళూరు పోవు 44వ నంబరు జాతీయ రహదారి కర్నూలు మీదుగా పోవుచున్నది. కర్నూలు నుండి నంద్యాల, ఆళ్ళగడ్డ, మైదుకూరుల మీదుగా కడపకు వచ్చునది 40వ నంబరు రహదారి. ఒకనాడు ఈ మార్గములలో బండ్ల వేగము గంటకు యాభై, అరువది కిలోమీటర్లు. నేడు నూరు. మన పాత బండి మారలేదు. దాని చుట్టునున్న బండ్లు మారినవి. ఆ కాలపు కార్లలో చాలవరకు నాలుగు చక్రములకును డ్రమ్ము బ్రేకులే. బ్రేకు నూనె పోవు మార్గము ఒక్కటే. ఎక్కడ కారినను నాలుగు చక్రముల బ్రేకులును ఒక్కసారిగా పోవును. నేటి కార్లలో రెండు వేరువేరు మార్గములుండును. ఒకటి పోయినను రెండవది నిలుపును. కడప నుండి రాయచోటి పోవునప్పుడు గువ్వలచెరువు కనుమలోను, నంద్యాల నుండి గిద్దలూరు పోవునప్పుడు నల్లమల కనుమలోను దిగుచు, బ్రేకు మీదనే కాలు ఉంచినవారికి పెడలు క్రమముగా బలహీనపడుట అనుభవమే. డ్రమ్ము వేడెక్కి వ్యాకోచించి బ్రేకు లైనింగునకు దూరమగును. లైనింగు పట్టును తగ్గును. ఏ గేరులో కొండ ఎక్కుదుమో ఆ గేరులోనే దిగవలెనని పాత డ్రైవర్లు చెప్పెడి మాటకు అర్థమిదియే. క్రొత్తగా నేర్చినవారిలో ఆ మాట విన్నవారు ఎందరు?

ఢీకొన్నప్పుడు జరుగునది మరియు ఘోరము. “పాత కారు ఇనుము దిట్టము, దానికేమియు కాదు” అని చాలమంది ధీమా. నిజమే, కారునకు ఏమియు కాదు. లోపలి మనిషికి అగును. నేటి కారు ముందుభాగము ఉద్దేశపూర్వకముగా నలిగి, దెబ్బలోని శక్తిని తాను మ్రింగును. పాత కారు నలుగదు గనుక ఆ దెబ్బ యావత్తు మనిషి రొమ్మునకు చేరును. దానికెదురుగా స్టీరింగు కడ్డీ బల్లెమువలె నిలిచియుండును. పాత బండ్లలో సీటు బెల్టు లేదు. ఎయిర్ బ్యాగు లేదు. బ్రేకు వేసినప్పుడు చక్రము బిగిసిపోకుండ కాపాడు ఏ.బి.ఎస్. యంత్రము మన దేశపు కార్లన్నిటికి 2019 ఏప్రిలులోను, డ్రైవరు ఎయిర్ బ్యాగు అదే ఏడు జూలైలోను తప్పనిసరి యయినవి. బెల్టును పాత బండికి బిగింపవచ్చును, బిగింపవలెను గూడ. మిగిలినవి బిగింప వీలుగానివి. కుటుంబముతో ప్రతిదినము జాతీయ రహదారిమీద పోవువారికి ఈ ఒక్క కారణము చాలునని నా అభిప్రాయము, లెక్కలతో పనిలేదు.

చట్టము ఏమి చెప్పుచున్నదో చూతము. సొంత కారు రిజిస్ట్రేషను పదునైదేండ్లు చెల్లును. ఆ తరువాత బండిని పరీక్ష చేయించి ఐదేండ్లకొకసారి పొడిగించుకొనవలెను. ఆ రుసుము 2022 ఏప్రిలులో కారునకు అయిదు వేల రూపాయలయినది. ఇరువది ఏండ్లు మించిన కార్లకు 2025లో పదివేలు చేసిరి. పాత బండ్లను రోడ్డెక్కనీయరని వచ్చిన ఉత్తరువులు ఢిల్లీ ప్రాంతమునకు సంబంధించినవి. వానిని విని మన జిల్లాలలో భయపడి బండిని తూకానికి అమ్మివేయ నక్కరలేదు. 2021 జూలైలో కేంద్రప్రభుత్వము వింటేజి బండ్లకు ప్రత్యేక నియమములు చేసినది. మొదటి రిజిస్ట్రేషను నాటి నుండి యాభై ఏండ్లు గడచి, రూపము మార్చని బండికి ‘వి.ఏ.’ అక్షరములతో వేరు నంబరు లభించును. రుసుము ఇరువది వేలు, పదేండ్లు చెల్లును. ఇక్కడనే ఉన్నది మెలిక. ఆ నంబరు తీసుకొన్న బండిని ప్రదర్శనకు, ర్యాలీకి, మరమ్మతుకు, పెట్రోలు పోయించుకొనుటకు తప్ప నిత్యము వాడరాదు. అనగా ముచ్చటకును అక్కరకును మధ్య ప్రభుత్వమే గీత గీచినది. 1970లో రిజిస్టరయిన అంబాసిడరు గలవారు ఏ వైపున నిలువవలెనో ముందుగా తేల్చుకొనవలెను. 1984 నాటి పద్మినికి ఆ గౌరవము ఇంకను రాలేదు. అది ముసలిదియు కాదు, పడుచుదియు కాదు, ఐదేండ్లకొకసారి పరీక్షకు పోవుచు కాలము గడపవలెను. ఇన్స్యూరెన్సు విషయములో అయిదేండ్లు దాటిన బండి విలువను కంపెనీయు, యజమానియు మాటలాడుకొని నిర్ణయింతురు. బాగుచేయించిన బిల్లులు, ఫోటోలు భద్రపరచుకొనని వారికి ఆ బేరములో బలముండదు.

ఇప్పుడు లెక్క. పాత బండి లీటరుకు 11 కిలోమీటర్లు, నేటి చిన్న కారు 18 కిలోమీటర్లు ఇచ్చునని, లీటరు ధర 110 రూపాయలని అనుకొందము. మన ఉపాధ్యాయులవలె నెలకు 2,500 కిలోమీటర్లు తిరుగువారికి పాత బండిలో 227 లీటర్లు, క్రొత్త దానిలో 139 లీటర్లు పట్టును. తేడా 88 లీటర్లు; నెలకు సుమారు 9,700 రూపాయలు. ఇక క్రొత్త కారు విలువ తరుగుట చూడవలెను. ఇన్స్యూరెన్సు వారి పట్టికలో అయిదేండ్లు నిండునాటికి కారు విలువ సగమగును. ఆరు లక్షల కారు మూడు లక్షలయినచో, నెలకు అయిదు వేల రూపాయలు ఇంటిముందు నిలిచియే ఆవిరి యగుచున్నవన్నమాట. అంతకంటె పెట్రోలు ఆదాయమే ఎక్కువ గనుక ఆయనకు క్రొత్త కారే లాభము. అదే, నెలకు 200 కిలోమీటర్లు మాత్రము తిరుగు విశ్రాంత ఉద్యోగికి పెట్రోలు తేడా ఎనిమిది వందలు దాటదు. అయిదు వేలు ఆవిరి చేసికొని ఎనిమిది వందలు మిగుల్చుకొనుట ఏమి పొదుపు? ఆయన పాత బండిని హాయిగా ఉంచుకొనవచ్చును. ఈ రెండింటికి నడుమ హద్దు నెలకు సుమారు 1,300 కిలోమీటర్ల వద్ద పడును. పాత బండి మరమ్మతులకు నెలకు రెండు వేలు వేసినచో ఆ హద్దు ఎనిమిది వందల లోపునకు దిగును. అప్పుచేసి కొనువారు వడ్డీని ఇందులో కలుపుకొని మరల లెక్కించుకొనవలెను.

మరమ్మతు అనిన మాటలో డబ్బు కంటె మనిషి ముఖ్యుడు. అంబాసిడరు ఇంజనును చెవితో విని జబ్బు చెప్పగల మేస్త్రీలు మన పట్టణములలో ఇంకను ఉన్నారు. కాని వారి వయస్సు అరువది దాటినది, వారి కుమారులు కంప్యూటరు తగిలించి జబ్బు కనుగొను షెడ్డులలో పనిచేయుచున్నారు. భాగములకై మదరాసు పుదుప్పేట వీధుల వరకు పోవలసి వచ్చును. వచ్చిన భాగము సరిపోక మరల పంపవలసి రావచ్చును. అంతవరకు బండి షెడ్డులోనే. ముచ్చట బండికి అది బాధ కాదు, ఆ వెదకులాటయే ఒక వినోదము. అక్కర బండికి మాత్రము అది ఉద్యోగమునకు సెలవు. పాత కారు కొని ప్రతిదినము వాడబోవువారు, దానితోపాటు బస్సు పాసు గూడ కొనుట మంచిదని నేను చెప్పుదును. ఇది పరిహాసము కాదు.

జీపు సంగతి కొంచెము వేరు. ఎరువుల బస్తాలు, పంపుసెట్లు, జనము అన్నిటిని మోసిన ఆ బండి రేగడి బురదలోను, గుట్టదారులలోను నేటికిని ఉపయోగపడును. తోటకును ఊరికిని మధ్య అయిదారు కిలోమీటర్లు తిరుగు రైతు దానిని వదలుకొన నక్కరలేదు; వేగము తక్కువ గనుక అపాయమును తక్కువ. ఆ రూపము మీద మోజు, రహదారి మీద ప్రయాణము రెండును గలవారికై మహీంద్రా వారు 2020లో విడుదల చేసిన క్రొత్త థార్ ఒక మధ్యేమార్గము. చూపునకు పాత జీపు. లోపల ఎయిర్ బ్యాగులు, ఏ.బి.ఎస్. గ్లోబల్ ఎన్‌క్యాప్ అను సంస్థవారు దానిని గోడకు కొట్టించి పరీక్షించి అయిదింట నాలుగు నక్షత్రములు ఇచ్చిరి. ధర మాత్రము అందరికి అందునది కాదు.

ప్రొద్దుటూరు వారికి మేము వ్రాసిన జవాబు ఇది. మీ చేతిలోనున్న మూడు లక్షలను పద్మిని మీద పెట్టవద్దు. 2019 జూలై తరువాత తయారయిన చిన్న కారు నొకదానిని, అయిదేండ్లు వాడినదానిని, కొనుడు. విలువలో సగము మొదటి యజమాని వద్దనే తరిగిపోయి యుండును, ఏ.బి.ఎస్.ను, ఎయిర్ బ్యాగును మీకు లభించును. తల్లిగారిని అర్ధరాత్రి తీసుకొనిపోవలసి వచ్చినప్పుడు తాళము త్రిప్పగనే కదలు బండి మీకు కావలెను. పద్మినిని అమ్మవద్దు. ఇప్పుడే బాగుచేయింప వద్దు గూడ. బ్యాటరీ తీగె విప్పి, ట్యాంకు ఖాళీ చేసి, బండిని దిమ్మెల మీద ఎత్తి నిలిపి, టార్పాలినుకు బదులు గాలియాడు గుడ్డ కప్పి నీడలో ఉంచుడు. మన పొడిగాలిలో దాని దేహము మీకోసము పదేండ్లయినను ఆగును. రిజిస్ట్రేషను గడువు తప్పిపోకుండ మాత్రము చూచుకొనుడు. కాగితము చచ్చిన బండిని బ్రదికించుట ఇంజను చచ్చిన బండిని బ్రదికించుట కంటె కష్టము. ఏటికి కొంత చొప్పున, మొదట రబ్బరు, తరువాత బ్రేకులు, ఆ పిదప రేడియేటరు, చివరకు రంగు. పండుగనాడు తల్లిగారిని ఊరిలో ఒక చుట్టు త్రిప్పుటకు అది చాలును.

దొడ్డిలో బండి లేక, క్రొత్తగా పాత బండిని కొనగోరు వారికి ఒకటి రెండు సూచనలు. అడుగుభాగమున చాప ఎత్తి రేకును వ్రేళ్ళతో నొక్కిచూడుడు. ఛాసిస్ నంబరు, ఇంజను నంబరు ఆర్.సి. పుస్తకముతో సరిపోయినవో లేదో స్వయముగా చదువుకొనుడు. అమ్మువాడు చదివి వినిపించినది చాలదు. ఉదయపు చల్లదనములో బేరమునకు పోవద్దు. చల్లని ఇంజను అందరికిని విధేయముగనే యుండును. ఎండ నడినెత్తిన ఉన్నప్పుడు పోయి, పది మైళ్ళు నడిపి, ఆపి, మూత తెరువకుండ పది నిమిషములు మాటలతో గడిపి, మరల స్టార్టు చేయమనుడు. ఆవిరి చిక్కు, రేడియేటరులోని సున్నపు పొర, అలసిన బ్యాటరీ మూడును ఆ పది నిమిషములలోనే బయటపడును. అమ్మువారు అందుకు ఒప్పుకొననిచో మంచినీళ్ళు త్రాగి లేచి రావచ్చును.